ఇద్దరూ కచేరీలు చేసే ఇంట్లో సాధన వేళ ఎవరికి దక్కుతుంది?

మీ అమ్మాయి వయొలిన్‌లో డిప్లొమా పూర్తిచేసి పక్కవాద్యం (పాడేవారి పక్కన కూర్చుని) వాయిస్తోందని, మృదంగ విద్వాంసుడి సంబంధం వచ్చిందని, నెల జీతం లేని ఇద్దరు కలిసి సంసారం ఎలా నడుపుతారో అనుభవం ఉన్నవారు చెప్పమని అడిగారు. నేను వయొలిన్ వాయిస్తాను, మావారిది మృదంగం. విజయవాడలో ఉంటాం. పెళ్లయిన నాటి నుంచి మా ఇంటికి వచ్చిన ప్రతి రూపాయీ సంగీతం వల్ల వచ్చిందే.

డబ్బు సంగతి తప్పకుండా చెబుతాను. కానీ మీరు ముందుగా అడగవలసిన ప్రశ్న వేరే ఉంది. పెళ్లయ్యాక మీ అమ్మాయి రోజూ ఏ వేళకు, ఏ గదిలో సాధన చేస్తుంది? ఆ వేళకు అడ్డం రాకుండా ఎవరు చూసుకుంటారు? ఇద్దరు విద్వాంసులున్న ఇళ్లలో చేతికి డబ్బు అందని నెలలు వస్తాయి, పోతాయి. ఇల్లాలి సాధన మాత్రం ఒకసారి తగ్గడం మొదలైతే మళ్లీ పుంజుకోవడం చాలా కష్టం. ఎంత చక్కగా వాయించేవారో, పెళ్లయిన కొన్నేళ్లకు పిల్లలకు సరళీ వరుసలు, అంటే మొదటి పాఠాలు, చెప్పడానికి మాత్రమే వాద్యం ముట్టుకునేవారిని చాలామందిని చూశాను. వారిని ఎవరూ వాయించవద్దనలేదు. వేళ దొరకలేదు, అంతే.

మా రోజు ఎలా గడుస్తుందో చెబితే ఇది ఎలా జరుగుతుందో మీకే తెలుస్తుంది.

ఉదయం అయిదున్నరకు నా మొదటి పాఠం. అమెరికా తూర్పు తీరంలో అప్పుడు రాత్రి ఎనిమిది. నవంబరులో వాళ్లు గడియారం ఒక గంట వెనక్కి జరుపుకుంటారు, ఆ పాఠం మనకు ఆరున్నరకు మారుతుంది. సరిగ్గా మా ఇంట్లో పాలు కాచి, టిఫిను చేసి, బడికి డబ్బా కట్టే వేళ అది. మార్చి దాకా ఉదయాలన్నీ తలకిందులుగానే ఉంటాయి. పూర్వం తెల్లవారుజామున అకార సాధన ('ఆ' అంటూ స్వరాలు పాడించడం) చేయించేవారు. చెవి తాజాగా ఉండే వేళ, వీధి నిశ్శబ్దంగా ఉండే వేళ అదే. ఈ రోజుల్లో సంగీతం మీద బతికే ఇళ్లలో చాలావరకు ఆ వేళ విదేశాల పాఠాలకు వెళ్లిపోయింది. నేను వారంలో కొన్ని ఉదయాలు పాఠాలు పెట్టుకోను. ఆ మేరకు ఆదాయం తగ్గుతుంది, అయినా ఒప్పుకోను. మీ అమ్మాయికీ ఇదే చెబుతాను.

ఇంటర్‌నెట్ పాఠం చెప్పడం బయటికి సులువుగా కనిపిస్తుంది. అటు నుంచి శబ్దం కాస్త ఆలస్యంగా వస్తుంది కాబట్టి గురువు, శిష్యుడు కలిసి వాయించడం కుదరదు. ఒక సంగతి (కీర్తనలో ఒక పాదాన్ని మలిచే తీరు) వాయించి, ఆగి, విని, దిద్ది, మళ్లీ వాయించాలి. పైగా ఆ యాప్‌లు తంబూరా నాదాన్ని ఫ్యాను చప్పుడు అనుకుని చెరిపేస్తాయి. శబ్దాన్ని ఉన్నదున్నట్టు పంపే సెట్టింగు రెండువైపులా పెట్టుకుంటే తప్ప గమకం, అంటే స్వరాన్ని ఊపే తీరు, వినపడదు. ఎదురుగా కూర్చున్న శిష్యుడికి అరగంటలో పట్టుబడేది ఇక్కడ గంట తీసుకుంటుంది. అలాంటి పాఠాలు వరసగా మూడు చెప్పి లేచాక, సొంత సాధనకు కూర్చోవాలంటే చెవి మొండికేస్తుంది. పాఠం చెప్పినంత మాత్రాన చేయి సాధనలో ఉన్నట్టు కాదు. శిష్యుడి స్థాయిలో వాయిస్తూ ఉంటే మన చేయి ఆ స్థాయికే అలవాటు పడుతుంది.

ఇక గది సంగతి. పక్కవాద్యం వాయించేవారికి సొంత శ్రుతి అంటూ ఉండదు, పాడేవారి శ్రుతే తమ శ్రుతి. శ్రుతిని హార్మోనియం మెట్టును బట్టి అంకెతో చెబుతాం, అంకె పెరిగితే శ్రుతి హెచ్చుతుంది. పురుష గాయకులకు ఒకటి, ఒకటిన్నర. స్త్రీలకు అయిదు, అయిదున్నర, కొందరికి ఇంకాస్త అటూ ఇటూ. అందుకే మృదంగ విద్వాంసుడి ఇంట్లో ఒకటికి నాలుగు మృదంగాలు ఉంటాయి. తగ్గు శ్రుతికి పొడుగువి, హెచ్చు శ్రుతికి పొట్టివి. సాయంత్రం కచేరి కోసం మావారు ముందు గదిలో ఒకటి శ్రుతి మృదంగం సరిచేసుకుంటూ ఉంటారు. మర్నాటి కచేరి కోసం నేను లోపల అయిదు శ్రుతిలో తోడి రాగం వాయించుకుంటాను. ఒకటి శ్రుతికి అయిదు శ్రుతి పంచమమే, అంటే 'స'కు 'ప' లాంటిదే కాబట్టి ఎలాగో సర్దుకుపోవచ్చు. అదే నాది అయిదున్నర అయితే ఇద్దరిలో ఒకరు ఆపేయవలసిందే, రెండు షడ్జాలూ ('స' స్వరాలు) చెవిలో పోట్లాడుకుంటాయి. ఆపేది ఎవరన్న విషయంలోనే కాపురం తీరు తెలుస్తుంది. మా ఇంట్లో కచేరి దగ్గరపడినవారిది ముందు వంతు, అది ఎవరిదైనా సరే. ఈ మాట పెళ్లయిన కొత్తలోనే అనుకున్నాం.

అద్దె ఇల్లు చూసేటప్పుడు వీలైతే కింది అంతస్తు తీసుకోమనండి. మృదంగం నాదం గోడల కంటే నేల ద్వారా ఎక్కువగా పోతుంది. మందపాటి బొంత వేసుకుని వాయించినా కింది ఇంటివారికి తెలుస్తుంది. ఇంటి యజమానులు మొదట సంతోషంగానే ఇస్తారు, రోజూ త్యాగరాజ కీర్తనలు వినవచ్చని ఆశపడతారు. సాధన అంటే కచేరి కాదని, ఒకే సంగతి నలభై సార్లు వినవలసి వస్తుందని వారికి ముందే చెప్పడం మంచిది. మేము ముందే చెప్పిన ఇళ్లలో గొడవ రాలేదు.

ఇక్కడ ఒక ముఖ్యమైన తేడా ఉంది. బయటివారికే కాదు, సంగీతం తెలిసిన ఇళ్లలో కూడా దీన్ని పట్టించుకునేవారు తక్కువ. మృదంగం వాయించేవారి సాధనలో సగం నోటితో, లెక్కతో జరుగుతుంది. మావారు పప్పుకు తాలింపు వేస్తూ మిశ్రచాపు తాళంలో ముక్తాయింపు (ముగింపు వరుస) కట్టుకుంటారు. బస్సులో తొడ మీద తాళం వేసుకుంటూ జతులు (మృదంగపు దెబ్బలను పలికే మాటలు) చెప్పుకుంటారు. పాడేవారు కూడా సాహిత్యాన్ని, స్వరాన్ని మనసులో నడుపుకోగలరు. వయొలిన్‌కు ఆ సౌకర్యం లేదు. నేల మీద కూర్చోవాలి, వాద్యాన్ని పాదానికి ఆనించాలి, రెండు చేతులూ ఖాళీగా ఉండాలి, నాలుగు తీగలూ శ్రుతి కలవాలి. మధ్యలో కుక్కర్ కూత వేసినా, గుమ్మంలో ఎవరైనా పిలిచినా కమాను (వయొలిన్ వాయించే బద్ద) కింద పెట్టి లేవాలి. తిరిగి వచ్చి కూర్చునేసరికి ఆ రాగం ఎక్కడ ఆగిందో మళ్లీ మొదటి నుంచి వెతుక్కోవాలి. అంచేత ఒకే ఇంట్లో ఇద్దరికీ సమానంగా వేళ ఇచ్చినా అది సమానం కాదు. మీ అమ్మాయికి విడదీయని గంటన్నర, రెండు గంటలు కావాలి. పది నిమిషాల ముక్కలు ఎన్ని ఇచ్చినా అక్కరకు రావు.

వంటింటి పనికీ వేళ్లకూ ఉన్న సంబంధం గురించి కూడా చెప్పాలి. వయొలిన్ వాయించేవారి ఎడమచేతి వేలికొసలు గట్టిపడి ఉంటాయి. గిన్నెలు తోమి, బట్టలు పిండి, నీళ్లలో నానిన వేళ్లతో వెంటనే తీగ మీద జారితే చర్మం కోసుకుపోతుంది. కూరగాయలు తరిగేటప్పుడు కత్తి తగిలేది కూడా ఆ వేళ్లకే. కచేరి ఉన్న రోజు నేను కత్తి పట్టను, గిన్నెలు ముట్టుకోను. ఆ రోజు వంట మావారిది, ఆయనకూ కచేరి ఉంటే మా అత్తగారిది. ఆయన మణికట్లు కూడా జాగ్రత్తగా చూసుకోవలసినవే కాబట్టి గ్యాసు బండ ఎత్తడం, బకెట్లు మోయడం ఇద్దరమూ చేయం. ఇంటిపనికి మనిషిని పెట్టుకోవడం మీకు దుబారాగా కనిపించవచ్చు. నేను దాన్ని తీగలు, కమానుకు రాసే రోజిన్ కొన్న ఖర్చుతో పాటే వృత్తి ఖర్చు కింద రాసుకుంటాను.

మా అత్తగారి గురించి ఒక్క మాట. ఆవిడకు పాడడం రాదు, రాగాలు గుర్తుపట్టడం వచ్చు. నేను సాధనలో ఉన్నప్పుడు ఎవరైనా వస్తే 'అమ్మాయి పనిలో ఉంది, కూర్చోండి' అంటారు. మొదటి నుంచీ 'పనిలో ఉంది' అనే అన్నారు. ఆ మాట వల్ల నాకు దక్కిన గంటలకు విలువ కట్టలేను. మీరు సంబంధం చూస్తున్న ఇంట్లో పెద్దవారుంటే వారితో కూడా మాట్లాడండి. అబ్బాయి ఎంత మంచివాడైనా, అతడు ఊళ్లో లేని రోజుల్లో ఆ వేళను కాపాడవలసింది వారే.

కచేరి రోజు ఇల్లు వేరే లెక్కలో నడుస్తుంది. ఆరింటికి కచేరి అంటే మూడింటికే తేలికగా తినేయాలి. కడుపు నిండా తిని వేదిక ఎక్కితే రెండున్నర గంటలు వెన్ను నిలపడం కష్టం. మృదంగం సంచిలో శ్రుతి చేసుకోవడానికి రాయి, పుల్ల, వాటితో పాటు చిన్న డబ్బాలో బొంబాయి రవ్వ తప్పనిసరి. ఎడమవైపు చర్మం మధ్యలో ఆ రవ్వను తడిపి ముద్దగా పెడితే తప్ప మంద్రనాదం రాదు. వాయించడం అయ్యాక దాన్ని శుభ్రంగా గీకి తీసేయాలి, లేకపోతే రాత్రికి రాత్రే చీమలు పడతాయి. ఎంత అలసిపోయి ఇంటికి వచ్చినా ఆ పని మానకూడదు. ఏసీ హాళ్లలో తీగలూ కదులుతాయి, చర్మాలూ కదులుతాయి. కాబట్టి గంట ముందే వెళ్లి ఆ గాలికి వాద్యాన్ని అలవాటు చేయాలి. వానాకాలంలో చర్మం చెమ్మగిల్లి శ్రుతి దిగిపోతుంది. తరచుగా కచేరీలు చేసేవారికి కుడివైపు చర్మం కొన్ని నెలలకే మార్పించవలసి వస్తుంది. ఆ పని బాగా తెలిసిన మనిషి దొరకడం నానాటికీ కష్టమవుతోంది. అలాంటివారితో సంబంధం చెడగొట్టుకోకూడదు, అడిగినంత ఇవ్వాలి.

ఇద్దరూ ఒకే వేదిక మీద వాయించిన రాత్రి ఇంటికి వచ్చాక ఆ కచేరి లోపాల గురించి మాట్లాడుకోకూడదన్నది మా ఇంటి నియమం. పదిన్నరకు వచ్చి పెరుగన్నం తింటున్నప్పుడు 'ఖరహరప్రియ స్వరాల్లో నువ్వు కాలం లాగావు' అని ఒకరంటే, 'తని ఆవర్తనంలో (మృదంగం ఒంటరిగా వాయించే భాగంలో) మీరు ఆ తిశ్రం (మూడేసి దెబ్బల నడక) అవసరం లేకుండా పెంచారు' అని రెండోవారంటారు. ఇద్దరి మాటా నిజమే అయి ఉంటుంది, అయినా ఆ రాత్రికి అది పనికిరాదు. మర్నాడు రికార్డింగు పెట్టుకుని, కాఫీ తాగుతూ నిర్మొహమాటంగా చెప్పుకుంటాం. మరో విద్వాంసుడు మొహమాటానికి దాచే మాట భార్యాభర్తలు చెప్పుకోగలగడం ఈ జీవితంలో ఉన్న గొప్ప లాభం. నా వాయిద్యంలో కాలప్రమాణం (లయ వేగం చెదరకపోవడం) నిలిచిందంటే అందులో ఎక్కువ భాగం మావారి చలవే.

పండుగలు మీ అమ్మాయికి కొత్తగా అనిపించవు. పండుగ రోజే మాకు పని రోజు. శ్రీరామనవమి పందిళ్లు, వినాయక చవితి, దసరా నవరాత్రులు, ధనుర్మాసం, చెన్నైలో అవకాశం వస్తే డిసెంబరు కచేరీలు, పుష్య బహుళ పంచమి చుట్టూ ఊరూరా త్యాగరాజ ఆరాధనలు. అక్కడ త్యాగరాజ పంచరత్న కీర్తనలు అందరం కలిసి పాడడం, వాయించడం సేవ కింద చేస్తాం, డబ్బు అడగం. దసరాల్లో మూలా నక్షత్రం నాడు వాద్యాలు పూజలో పెట్టి, సాయంత్రానికి వాటినే తీసుకుని బయలుదేరిన సంవత్సరాలు ఉన్నాయి. దీనికి విరుగుడుగా ఆషాఢం లాంటి ఖాళీ నెలల్లో ఒక వారం మా సొంతం చేసుకుంటాం. బంధువుల ఇళ్లకు వెళ్లడం, పిల్లతో ఊరు తిరగడం అన్నీ అప్పుడే. పుట్టింటివారుగా మీరు కూడా 'పండక్కి రాలేదు' అని నొచ్చుకోకుండా ఉండాలి.

ఇక డబ్బు. ఒక్క సభల మీద ఆధారపడి ఇల్లు నడవదు. పక్కవాద్యానికి ఇచ్చే పారితోషికం చాలాచోట్ల ప్రయాణానికీ భోజనానికీ పోగా మిగిలేది తక్కువే. మాకు నిలకడగా వచ్చేది పాఠాల మీద. దాని తరువాతది నాట్యం. కూచిపూడి, భరతనాట్యం రంగప్రవేశాలకు (నర్తకి తొలి పూర్తి ప్రదర్శనలకు) వయొలిన్, మృదంగం రెండూ కావాలి, రిహార్సళ్లకు కూడా విడిగా ఇస్తారు. వేసవిలో అమెరికాలో ఇవి వరసగా జరుగుతాయి. వాటికి వెళ్లేవారు నెలా రెండు నెలలు ఇంటికి దూరంగా ఉండవలసి వస్తుంది. ఆ దేశంలో కర్ణాటక సంగీతానికి ఆదరణ ఈనాటిది కాదు, క్లీవ్‌లాండ్‌లో త్యాగరాజ ఆరాధన 1978 నుంచి జరుగుతోంది. ఆకాశవాణిలో గ్రేడు ఉంటే తక్కువైనా గౌరవంతో కూడిన రాబడి ఉంటుంది. బి, బి హై, ఏ, ఆపై టాప్ ఏ వరకు ఎదగడం బయటి కచేరీలకు కూడా దారి చూపుతుంది. ఇద్దరిలో ఒకరికి ప్రభుత్వ సంగీత కళాశాలలోనో, బడిలోనో ఉద్యోగం దొరికితే ఇంటికి ఊపిరి వస్తుంది కానీ ఆ పోస్టులు చాలా కొద్ది.

పన్నుల సంగతి ముందే తెలుసుకోవడం మంచిది. సంస్థలు ఇచ్చే పారితోషికం పరిమితి దాటితే 10 శాతం టీడీఎస్ (ముందే కోసుకునే పన్ను) కింద పట్టుకుంటాయి. మన మొత్తం ఆదాయానికి అంత పన్ను పడకపోతే రిటర్న్ వేసి వెనక్కి తెచ్చుకోవచ్చు. బద్ధకించి వదిలేసుకునేవారు మాలో చాలామంది. శాస్త్రీయ సంగీత ప్రదర్శనకు ఒక్కో కార్యక్రమానికి 1,50,000 రూపాయలు దాటకపోతే జీఎస్టీ లేదు. పింఛను, భవిష్యనిధి లేవు కాబట్టి ఆరోగ్య బీమా పెళ్లయిన మొదటి సంవత్సరమే తీసుకోమనండి. కచేరీల నెలలో వచ్చిన డబ్బును ఖాళీ నెలలకు విడిగా తీసిపెట్టే ఖాతా ఒకటి ఉండాలి.

అన్నిటి కంటే ముఖ్యం, ఇద్దరికీ వేర్వేరు బ్యాంకు ఖాతాలు, వేర్వేరు పారితోషికాలు. భార్యాభర్తలని తెలియగానే 'మీ ఇద్దరికీ కలిపి ఇంత ఇస్తాం' అనే నిర్వాహకులు ఉంటారు. ఆ మొత్తం తరచుగా ఒక్కరికి ఇచ్చే దానికి కాస్త ఎక్కువగా ఉంటుంది. కొందరు నా తేదీ కోసం మావారికి ఫోను చేసేవారు. ఆయన ఎప్పుడూ ఒకటే జవాబు చెప్పేవారు: 'ఆమె తేదీలు ఆమెనే అడగాలి, నంబరు ఇస్తాను.' మీకు రాబోయే అల్లుడు ఈ ఒక్క మాట అనగలడో లేదో తెలుసుకోండి.

ఇల్లాలి సాధన చుట్టూ ఇల్లు నడవడం అనేది కొత్తగా పుట్టిన కోరిక ఏమీ కాదు. వీణ ధనమ్మాళ్ (1867–1938) ఇంట్లో శుక్రవారం సాయంత్రం ఆమె వీణ వినడానికి పెద్ద పెద్ద విద్వాంసులే వచ్చి కూర్చునేవారు. ఆ ఇంట్లోంచే మనవరాళ్లు, గాయనులు బృంద, ముక్త, నర్తకి బాలసరస్వతి వచ్చారు. మన వైపు వయొలిన్ విద్వాంసుడు ద్వారం వెంకటస్వామి నాయుడుగారి కుమార్తె మంగతాయారుగారు వయొలిన్ విదుషిగా పేరు తెచ్చుకున్నారు. ఆడపిల్లకు ఇంట్లో వేళ దొరికిన చోట ఫలితం ఇలా కనపడుతుంది. గురుకులాల్లో శిష్యులందరికీ వండి పెట్టిన గురుపత్నులలో ఎందరికి గొంతు ఉండేదో, ఎందరి చేతిలో వీణ పలికేదో ఎక్కడా రాసి లేదు. ఆ ఆలోచన నన్ను ఎప్పుడూ బాధపెడుతుంది.

బిడ్డ పుట్టాక కొన్ని నెలలు సాధన తగ్గడం సహజం, దానికి భయపడనక్కరలేదు. తిరిగి మొదలుపెట్టే తేదీ ముందే అనుకుని, మొదట్లో అరగంటైనా సరే, గది తలుపు వేసుకుని కూర్చోవాలి. వర్ణాలు (సాధనకు వాడే రచనలు) మూడు కాలాల్లో, అంటే మూడు వేగాల్లో వాయిస్తే చేయి త్వరగా దారికి వస్తుంది. బిడ్డ తంబూరా నాదం వింటూ నిద్రపోతుంది, దానికి ఇబ్బంది ఉండదు. పెద్దయ్యాక మాత్రం మీ మనవరాలికి తల్లిదండ్రులే గురువులు కాకుండా చూడండి. మా పిల్ల మరొకరి దగ్గర గాత్రం నేర్చుకుంటోంది. ఇంట్లో మేము దిద్దబోతే అమ్మానాన్నల మందలింపుగానే వింటుంది. బయట గురువుగారు అదే మాట అంటే పాఠంగా వింటుంది.

కాబట్టి సాయంత్రం అలంకరించుకుని జరిగే పెళ్లిచూపులతో సరిపెట్టుకోకుండా, ఒక మామూలు పనిదినం ఉదయం ఆ ఇంటికి వెళ్లండి. పాఠాలు ఎక్కడ చెబుతారు, అబ్బాయి మృదంగాలు ఎక్కడ పెట్టుకుంటాడు, తలుపు వేసుకోగల రెండో గది ఉందా లేదా చూడండి. ఇద్దరికీ ఒకే రోజు కచేరి ఉంటే వంట ఎవరిదని అడగండి. చెన్నై నుంచో, అమెరికా నుంచో మీ అమ్మాయికి పిలుపు వస్తే అతడు ఇంట్లో ఉండి ఇల్లు చూసుకోగలడా అని అడగండి. ఇప్పటి దాకా స్త్రీల కచేరీలకు ఎన్నింటికి వాయించాడో, వారు మళ్లీ పిలిచారో కనుక్కుంటే మనిషి స్వభావం కొంత తెలుస్తుంది. వీలైతే ఇద్దరినీ ఒక గంట కలిసి వాయించనివ్వండి, పెద్దవాళ్లు పక్క గదిలో ఉండండి.

ఇవన్నీ మాట్లాడేటప్పుడు మీ అమ్మాయిని పక్కన కూర్చోబెట్టుకోండి. రోజులో తనకు ఏ రెండు గంటలు కావాలో ఆ ఇంటివారికి తానే చెప్పాలి, తన తరఫున మీరు చెప్పకండి.